టీచర్‌గారి స్కూటరుకి వేడి చేసింది

మొన్న మధ్యాహ్నం రామచంద్రపురం మెయిన్ రోడ్డులో ఒక లారీ మలుపు తిరగలేక ఆగిపోతే దాని వెనక మేమందరం ఎండలో నిలబడిపోయాం. నా ముందున్న స్కూటరు పక్కనుంచి సన్నగా ఆవిరి లేచింది. దాని వెంటే ఒక తియ్యటి వాసన. బెల్లం పాకం అడుగంటబోయే ముందు వస్తుందే, అలాంటిది. కాకపోతే అందులో కాస్త ఇనుము కలిసినట్టు ఉంటుంది. ఇంజనును చల్లగా ఉంచడానికి పోసే కూలెంటు మరిగి పైకి తన్నినప్పుడు వచ్చే వాసన అది. బండాయన కంగారుగా దిగి అటూ ఇటూ చూస్తున్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు ముక్కులు మూసుకున్నారు. నేను మాత్రం హెల్మెట్ అద్దం పైకెత్తి ఇంకాస్త పీల్చాను. నేను తిక్క మనిషినని ఊరంతటికీ తెలుసు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. ఆ వాసన తగిలితే చాలు, భ్రమరాంబ టీచర్‌గారు చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని స్కూటరు పక్కన గొంతుక్కూర్చున్నట్టే ఉంటుంది నాకు.

ఆవిడ మా హైస్కూల్లో సైన్సు చెప్పేవారు. నాకూ చెప్పారు. నాకు సైన్సు అంటలేదు గానీ ఆ లోపం ఆవిడది కాదు. పెళ్ళి చేసుకోలేదు, ఎందుకు చేసుకోలేదని అడిగే ధైర్యం ఊళ్ళో ఎవరికీ లేదు. రిటైరయ్యాక మా టెంట్‌హౌస్ పక్కింట్లోనే అన్నగారు పేర్రాజుగారితో కలిసి ఉండేవారు. ఆయన రైసు మిల్లులో సూపర్‌వైజరుగా జీవితమంతా గడిపి, భార్య పోయి, ఉద్యోగం అయిపోయి, సూపర్‌వైజు చేయడానికి మరెవరూ లేక చెల్లెల్ని చేసేవారు. ఆవిడ గేటు తీసిన చప్పుడైతే చాలు, "ఎక్కడికే?" అని లోపలినుంచి వినబడేది. ఆవిడ జవాబు చెప్పేలోపే స్కూటరు వీధి చివరికి వెళ్ళిపోయేది.

నా సంగతి కూడా ఇక్కడే చెప్పేయాలి. షామియానాలు, కుర్చీలు, వంటపాత్రలు అద్దెకిచ్చేవాడికి పెళ్ళిళ్ళలో పని తక్కువ, వినేవాళ్ళు ఎక్కువ. అందుకని నాకు కథలు అల్లడం అలవాటైంది. ఒక వేసవిలో యానాం రోడ్డున ఎండ ఎంత మండిందంటే, స్కూటరు డిక్కీలో పట్టుకెళ్ళిన కోడిగుడ్లు చేరాల్సిన చోటికి చేరేసరికి ఉడికిపోయాయని, వంటాయనకి పెంకు ఒలుచుకునే పని ఒక్కటే మిగిలిందని ఒకసారి చెప్పాను. విన్నవాళ్ళంతా నవ్వారు. టీచర్‌గారు నవ్వలేదు. పైనున్న గుడ్లు ముందు ఉడికాయా, అడుగునున్నవా అని అడిగారు. నేను కాసేపు నీళ్ళు నమిలి, అడుగునున్నవేనండి, ఇంజను దగ్గర కదండీ అన్నాను. "బావుంది. అంతవరకూ నమ్మొచ్చు," అని లోపలికి వెళ్ళిపోయారు. నేను చెప్పేది అబద్ధమని ఆవిడ ఏనాడూ అనలేదు. ఒక్క ప్రశ్న వేసేవారు, అంతే. మా షామియానా గాలికి లేచి కోటిపల్లి రేవు దాటి అవతలి ఒడ్డున ఇంకెవరిదో పెళ్ళి మీద పరుచుకుందన్న కథకి, గాలి ఎటునుంచి వీచిందిరా అన్నారు. ఆ జవాబు కోసం నేను గోదావరి ఒడ్డుకి వెళ్ళి నిలబడి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి గాలి సంగతి పట్టించుకున్నాను. నా కథలు తగ్గలేదు గానీ, ఆవిడ పుణ్యమా అని వాటికి ఎముకలు వచ్చాయి.

ఆవిడ పాత బండి పని అయిపోయాక ఒక కార్తీకమాసంలో కొత్త స్కూటరు కొన్నారు. చిన్నదే. అయితే పాత బండిలా ఒట్టి గాలికి చల్లారే రకం కాదు. ఇంజను చుట్టూ ఎర్రటి నీళ్ళు తిరిగే రకం. ఆ నీళ్ళు లోపలి వేడిని మోసుకొచ్చి, పక్కనే ప్లాస్టిక్ కవరు వెనకున్న అరచేయంత రేడియేటర్లో గాలికి వదిలేసి, మళ్ళీ లోపలికి పోతాయి. ఆ బండి మీద ఆవిడ రోజూ సాయంత్రం కాలువగట్టు వెంట, బస్సు వెళ్ళని ఒక ఊరికి వెళ్ళేవారు. పదో తరగతి తప్పి చదువు ఆపేసిన ఆడవాళ్ళు అక్కడ ఓపెన్ స్కూలు పరీక్షకి కడితే, వాళ్ళకి సైన్సు చెప్పేవారు. పెళ్ళయి పిల్లలున్నవాళ్ళే ఎక్కువ. అందులో నూకరత్నం అనే ఆవిడ పగలంతా పొలం పని చేసొచ్చి కూడా ముందు వరసలో కూర్చుని, సందేహం తీరేదాకా టీచర్‌గారిని బండెక్కనిచ్చేది కాదట. ఆ ఊరికి ఆటోవాళ్ళు వచ్చేవారు కాదు, గోతుల్లో బండి పాడైపోతుందని. కాబట్టి స్కూటరు ఉంటేనే క్లాసు.

వేసవి పంట దాళ్వా కోతలు సగంలో ఉండగా ఒకరోజు ఆ స్కూటరు దారిలో మరిగి పొంగింది. టీచర్‌గారు దాన్ని తోసుకుంటూ, చెమటలు కక్కుతూ ఇంటికి చేరారు. పేర్రాజుగారు వీధరుగు మీదే నిలబడి మా అందరికీ వినబడేలా తీర్పు చెప్పేశారు. అరవై దాటిన మనిషి పొగలు కక్కే బండి మీద ఊళ్ళు తిరగడం ఆ రోజుతో సరి, బండి అమ్మేయాలి. పరీక్ష దగ్గరికొచ్చిందని ఆవిడ అంటే, నీకా పరీక్ష, వాళ్ళకా అని ఆయన. చివరికి ఆయనే ఒక మెట్టు దిగి, "సరే. ఇంకొక్కసారి పొంగిందా, మాటల్లేకుండా తాళం నా చేతిలో పెట్టాలి," అన్నారు. "పెడతాను," అన్నారు టీచర్‌గారు. బేరమాడకుండా ఒప్పుకునేసరికి ఆయనకే అనుమానం వచ్చి, నన్ను సాక్షిగా ఉండమన్నారు. నా సాక్ష్యం ఎవరు నమ్ముతారని నేనే అడిగాను.

ఇక మా వీధి సంగతి చెప్పాలి. మనిషికి వేడి చేస్తే ఏం చేస్తామో, బండికీ అదే వైద్యం మొదలైంది. ఒకరు సబ్జా నీళ్ళన్నారు. ఒకరు మజ్జిగ తేట అన్నారు. ఏసీ నుంచి కారే నీళ్ళు పట్టి పోస్తే గంగాజలమంత శుభ్రమని ఎదురింటివారు. ఎక్కువమంది ఓటు మాత్రం కొబ్బరినీళ్ళకే పడింది. మా వైపు అదే అన్నిటికీ మందు. స్పేర్‌పార్టుల షాపాయన అసలు నీళ్ళ చుక్కే కలవని ఖరీదైన కూలెంటు ఒకటి తెచ్చి చూపించి, రేసు బళ్ళలో వాడతారని, జన్మలో మరగదని చెప్పి వెళ్ళాడు. ఇంతమంది మాట్లాడుతుంటే నేను ఊరుకుంటే బాగుండదని, అమలాపురం వైపు ఒకాయన బండి వేసవులకి వేసవులే కొబ్బరినీళ్ళ మీద నడిచిందని, దాని పొగ వాసనకి పిల్లలు కొబ్బరి లౌజు అనుకుని వెంటపడేవారని చెప్పాను. టీచర్‌గారు ఈసారి ప్రశ్న వేయలేదు.

"అబ్బులూ, గుడ్ల కథ విని ఎవరూ డిక్కీలో గుడ్లు ఉడకబెట్టుకోరు. ఇది విని ఎవరో ఒకరు కొబ్బరినీళ్ళు పోస్తారు," అన్నారు. గొంతులో కోపం లేదు. "వెళ్ళి ఒక బొండాం పట్రా. చూద్దాం."

అలా మొదలైంది. ఆవిడ వంటింటి కిటికీలో ఖాళీ జాడీలు వరసగా చేరాయి. ఒకదాంట్లో కొబ్బరినీళ్ళు, ఒకదాంట్లో మా బోరు నీళ్ళు, ఒకదాంట్లో ఏసీ నీళ్ళు, ఒకదాంట్లో బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటరు, ఒకదాంట్లో కంపెనీవారి ఎర్ర కూలెంటు, చివర షాపాయన ఖరీదైన సరుకు. ప్రతిదాంట్లో ఒక ఇనుప మేకు, ఒక అల్యూమినియం ముక్క. కూలెంట్లు రెండూ తియ్యగా ఉండే విషాలు కాబట్టి వాటికి ఎర్ర గుడ్డ కట్టి పై అరలో పెట్టారు. మొదటిరోజే పేర్రాజుగారు దాహంతో వంటింట్లోకి వచ్చి కొబ్బరినీళ్ళ జాడీ అందుకోబోతే, "అన్నయ్యా, అందులో మేకుంది," అన్నారు టీచర్‌గారు తలెత్తకుండానే. ఈ ఇంట్లో మంచినీళ్ళు తాగాలన్నా దరఖాస్తు పెట్టుకోవాలి కాబోలు అని గొణుక్కుంటూ ఆయన మా షాపుకొచ్చి తాగి వెళ్ళారు.

కొబ్బరినీళ్ళు మూడో రోజుకల్లా బుడగలు కట్టి, మీద తెట్టు పట్టి, ఇంట్లో ఎవరూ నిలవలేని కంపు కొట్టాయి. అమలాపురం ఆయన్ని అంతటితో నేనే చంపేశాను. బోరు నీళ్ళలో మేకు తుప్పు పట్టింది, జాడీ గోడకి తెల్లటి ఉప్పు పేరింది. సముద్రం ఇంత దగ్గరుండగా మన భూమిలో నీళ్ళు ఇలాగే ఉంటాయన్నారు ఆవిడ. ఏసీ నీళ్ళు, డిస్టిల్డ్ వాటరు చూడటానికి స్వచ్ఛంగా ఉన్నాయి గానీ వాటిలోనూ మేకులు ఎర్రబడ్డాయి. రెండు కూలెంట్లలోనూ మేకులు కొట్లోంచి అప్పుడే తెచ్చినట్టు మెరిశాయి. అయితే ఆవిడ అక్కడ ఆగలేదు. పెరట్లో పాత గిన్నెలు పెట్టి, ఒకే మంట మీద ఒకే కొలత పోసి వేడి చేసి చూశారు. నీళ్ళు కలవని ఆ ఖరీదైన సరుకు అన్నిటికంటే ముందు వేడెక్కిపోయింది. జన్మలో మరగకపోవచ్చు గానీ, వేడిని మోసే ఓపిక నీళ్ళకున్నంత దానికి లేదని ఆవిడ నాకు చెప్పారు. బళ్ళో చెప్పినప్పుడు ఎక్కని ముక్క, పెరట్లో గిన్నె ముందు కూర్చుంటే ఎక్కింది. ఆ గిన్నెలు మళ్ళీ ఎవరూ వంటకి వాడకుండా సొట్టలు కొట్టి మరీ పారేయించారు.

"చిన్న బండికి ఇంత హడావుడి అక్కర్లేదురా," అన్నారు చివరికి. "కంపెనీ చెప్పిన సీసా పోసి, చెప్పిన గడువుకి మార్చుకుంటే సరిపోతుంది. ఖరీదైన సీసా చెడ్డదనను. మన దారికి అది పనికిరాదు, అంతే."

పాత నీళ్ళు తీయించి, కొత్త ఎర్ర కూలెంటు పోయించారు. ఇక పొంగదన్న ధైర్యంతో, అన్నగారి అనుమానం కూడా తీర్చాలని, మిట్టమధ్యాహ్నం ఎండలో ఆయన్నే వెనక కూర్చోబెట్టుకుని ఆ ఊరికి బయల్దేరారు. సాక్షిని కాబట్టి నేనూ నా బండి మీద వెంటపడ్డాను. మిగిలిన కూలెంటు సీసా నా సంచిలోనే ఉంది.

కోతల కాలంలో మా కాలువగట్ల రోడ్లు చూసినవారికి తెలుస్తుంది. రోడ్డుకి ఒక పక్కంతా ధాన్యం ఆరబోసి ఉంటుంది. మిగిలిన సగంలో గడ్డి పరుస్తారు, బళ్ళు తొక్కితే మిగిలిన గింజ రాలుతుందని. మనం వెళ్ళేది రోడ్డు మీదో కళ్ళం మీదో తెలియదు. టీచర్‌గారు గడ్డి మీదుగా నెమ్మదిగా వెళుతున్నారు. వెనక పేర్రాజుగారు గొడుగు వేసుకుని, ఊరేగింపులో దేవుడిలా నిటారుగా కూర్చున్నారు. ఊరు కనబడుతోంది. అంతలో బండి మీటరులో, ఇంజను వేడెక్కిందని చెప్పే ఎర్ర దీపం వెలిగింది. పక్కనుంచి ఆవిరి లేచి, ఆ తియ్యటి వాసన నా దాకా వచ్చింది.

ఆవిడ బండి ఆపారు. దిగి, స్టాండు వేసి, తాళం తీసి, అన్నగారి చేయి పట్టుకుని అందులో పెట్టారు. పేర్రాజుగారు గెలిచారు, కానీ ఆ తాళాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు కాసేపు పట్టుకుని, చొక్కా జేబులో వేసుకున్నారు. ఆయన ముఖంలో గెలుపు లేదు. టీచర్‌గారు గట్టు మీద నీడ చూసుకుని కూర్చుని బండి వంకే చూస్తున్నారు. ఏడుస్తారేమోనని భయపడి నేను ఏదో కథ ఎత్తుకోబోయాను. ఆవిడ చేత్తో ఆపారు.

"నా ప్రయోగం తప్పు కాదురా. ప్రశ్నే తప్పు," అన్నారు. "లోపల ఏం పోయాలా అని ఇన్నాళ్ళూ అడుగుతూ కూర్చున్నాను. వేడి ఎందుకు పోవట్లేదని అడగలేదు."

ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ కళ్ళు మెరుస్తున్నాయి. ఓడిన మనిషిని అంత ఆసక్తిగా నేను ఎప్పుడూ చూడలేదు. ఇష్టమైన బండి పోయింది, క్లాసు పోతోంది, అందరూ చూశారు; అయినా ఆవిడకి కొత్త ప్రశ్న దొరికింది.

ధాన్యం తిరగబోస్తున్న ఆడవాళ్ళలోంచి ఒకావిడ నీళ్ళ బిందెతో గబగబా వచ్చింది. నూకరత్నం. బండి చూసింది, పేర్రాజుగారి ముఖం చూసింది. సంగతి ఆవిడకి ముందే తెలుసు కాబోలు. "అయితే మేడంగారూ, రేపట్నుంచి రారాండి?" అని అడిగింది. టీచర్‌గారు అన్నగారి చొక్కా జేబు వంక చూశారు. పేర్రాజుగారు ఆ ఇద్దరినీ చూడలేక అటు తిరిగి, ఆవిరి తగ్గిన బండి పక్కన వంగారు. చేయడానికి ఇంకేమీ లేక వంగారనే నేను అనుకున్నాను. కవరు కంతల్లోకి తొంగి చూసి, లోపలికి వేలు పెట్టి, ఏదో బూడిదరంగు పీచు బయటికి లాగారు. రెండు వేళ్ళ మధ్య నలిపారు. వాసన చూశారు. తర్వాత మోచేయి బరబరా గోక్కున్నారు.

"భ్రమరా, ఇలా రా," అన్నారు. ఆ గొంతు అన్నయ్యది కాదు, మిల్లు సూపర్‌వైజరుది. "ఇది వరి నూగే. మిల్లులో మా బ్లోయరు జల్లెడకి పట్టేసేది ఇదే. దీనికి ఊపిరి ఎలా ఆడుతుందే?"

ఆవిడ లేచి వెళ్ళి ఆయన పక్కన గొంతుక్కూర్చున్నారు. కార్తీకంలో కొన్న బండికి అదే మొదటి దాళ్వా. రోజూ ఈ గడ్డి మీదుగా, ఈ ధాన్యం పక్కనుంచి వెళుతుంటే లేచిన నూగంతా ఆ చిన్న రేడియేటరు రేకుల మధ్య దూరి, కంబళిలా పేరుకుపోయింది. లోపల ఏ నీళ్ళు పోస్తే ఏం, అవి మోసుకొచ్చిన వేడి బయటికి పోయే దారి మూసుకుపోయింది. మేమంతా దాని కడుపులోకి మందులు పోస్తూ, ముక్కు మూసుకుపోయిందేమో చూడలేదు. పేర్రాజుగారు నూకరత్నాన్ని చీపురు అడిగి, అందులోంచి ఒక ఈనెపుల్ల తీసుకున్నారు. బండి పూర్తిగా చల్లారేదాకా ఎవరినీ ముట్టనివ్వలేదు. తర్వాత కవరు విప్పించి, పసిపిల్ల చెవిలో గులిమి తీసినంత మెత్తగా, రేకులు వంగకుండా ఆ నూగంతా తీశారు. నూకరత్నం చెంబుతో సన్నని ధార పోసింది. నా సంచిలోని సీసాతో తగ్గిన కూలెంటు నింపాం. అది మాత్రమే నేను చేసిన ఉపకారం.

అప్పుడు పేర్రాజుగారు లేచి, నడుం సరిచేసుకుని, చొక్కా జేబులోంచి తాళం తీశారు. ఒకసారి దాని వంక చూశారు. చెల్లెలి చేయి పట్టుకుని అందులో పెట్టారు. గొడుగు తెరుచుకుని వెనక సీటు పక్కన నిలబడ్డారు, ఎక్కమంటే ఎక్కడానికి. ఆవిడ ఎక్కారు, ఆయన ఎక్కారు. ఎర్ర దీపం మళ్ళీ వెలగలేదు. ఆ సాయంత్రం ఆ ఊళ్ళో సైన్సు పాఠం రేడియేటరు గురించే జరిగింది. పేర్రాజుగారు మధ్యలో లేచి మిల్లు బ్లోయరు గురించి చాలాసేపు మాట్లాడారు. టీచర్‌గారు ఆయన్ని ఆపలేదు.

ఆ ఏడు పరీక్షలో చాలామంది గట్టెక్కారు. నూకరత్నం సైన్సులో బాగా తెచ్చుకుని లెక్కల్లో తప్పింది. తర్వాతి ఏడు అదీ పూర్తి చేసింది. ప్రతి కోతల కాలంలోనూ పేర్రాజుగారు అరుగు మీద ముక్కాలిపీట వేసుకుని, ఈనెపుల్ల పట్టుకుని చెల్లెలి బండికి సేవ చేసేవారు. టీచర్‌గారు పోయి కొంతకాలమైంది. ఎక్కువ బాధపడకుండానే వెళ్ళారు. కాలువగట్టు ఊళ్ళో క్లాసు ఆగలేదు. ఇప్పుడు సైన్సు చెప్పేది నూకరత్నమే.

టీచర్‌గారి నుంచి నాకు వచ్చినదేమిటని ఆలోచిస్తే, సైన్సు అని చెప్పలేను. ఇదివరకు మా షామియానా ఎక్కడైనా కూలితే, ఆ పార్టీకి చెప్పడానికి మంచి కథ వెతుక్కుంటూ వెళ్ళేవాణ్ణి. ఇప్పుడు ముందు వెళ్ళి ఏ తాడు వదులైందో చూస్తాను. కారణం నేననుకున్నది కాకపోతే, పనివాళ్ళ ముందే పైకి చెప్పేస్తాను. చెప్పాక ప్రాణం హాయిగా ఉంటుందని, మళ్ళీ చూడాలన్న ఉత్సాహం కూడా వస్తుందని నాకు ఆ గట్టు మీదే తెలిసింది. కథ ఆ తర్వాత ఎలాగూ చెప్పుకుంటాను. ఆ అలవాటు మానలేదు, మానమని ఆవిడా ఏనాడూ అనలేదు.

ఆ క్లాసులో కొత్తగా చేరినవాళ్ళకి టీచర్‌గారెవరో తెలియదు. అందుకని ప్రతి ఏడూ మొదటి క్లాసుకి నూకరత్నం నన్ను పిలిచి ఆ రోజు సంగతి చెప్పమంటుంది. నేను మామూలుగానే చెబుతాను. ఆవిరి తాటిచెట్టంత లేచిందంటాను, పేర్రాజుగారి గొడుగు చూసి జనం దణ్ణాలు పెట్టారంటాను. వాళ్ళు నవ్వుతారు, నూకరత్నం కూడా నవ్వుతుంది. కానీ తాళం టీచర్‌గారి చేతిలోంచి పేర్రాజుగారి చేతిలోకి, మళ్ళీ ఆయన చేతిలోంచి ఆవిడ చేతిలోకి వెళ్ళిన చోటుకి వచ్చేసరికి నాకు కలపడానికి ఏమీ తోచదు. అప్పుడు వాళ్ళిద్దరూ ఏమనుకున్నారండీ అని వెనక వరసలోంచి ఎవరో ఒకరు అడుగుతారు. అక్కడ ఎవరూ ఏమీ అనుకోలేదు. అక్కడ నేను కూడా కాసేపు ఆగి, ఊరుకుంటాను.